ఆఖరి రీలు, ఐదింటి బస్సు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ సంగతి కామారెడ్డిలో మా గల్లీవాళ్లకు తెలుసు, పాలు పోసే ఆయనకు తెలుసు, అంగన్‌వాడీలో నా చేత అక్షరాలు దిద్దించుకున్న పిల్లలకు ఇంకా బాగా తెలుసు. ఆ కోపం వల్ల నాకు జరిగిన నష్టం ఒక్కటే, కాని అది చిన్నది కాదు. రెండేళ్లు నేను పాత సినిమాలు ఒక్కదాన్నే చూశాను.

ఇదీ ఒక కష్టమేనా అని నవ్వేవాళ్లు నవ్వుకోండి. పాత సినిమా ఒంటరిగా చూస్తే తెలుస్తుంది. హీరోయిన్ గుండెలు పగిలేలా ఏడుస్తుంటే "ఏడుపు ఏడుపే, కాటుక మాత్రం చెదరలే" అని అనేవాళ్లు పక్కన ఉండాలి. విలన్ తలుపు చాటున నిలబడితే చెప్పు చూపించేవాళ్లు ఉండాలి. ఎవరూ లేకపోతే అరగంటకే విసుగొస్తుంది. ఆదివారం భోంచేసి టీవీ పెట్టేదాన్ని, మొదటి పాట కాకముందే ఆపేసేదాన్ని. ఇక చీకటిపడేదాకా ఇంట్లో ఫ్యాను చప్పుడు, దూరంగా రైలు కూత. మనిషి గొంతు వినాలనిపించి ఒకసారి గ్యాస్ బండ ఆయనతో ఊరికే గొడవ పెట్టుకున్నాను. అంత దాకా వచ్చింది నా పరిస్థితి.

అంతకుముందు ఇలా ఉండేది కాదు. నెలకొక ఆదివారం మేం ముగ్గురం మా ఇంట్లో కూడేవాళ్లం. ఒకామె ఎల్లారెడ్డి నుంచి వచ్చేది. వాళ్లది గాజులమ్మే ఇల్లు కాబట్టి ఇక్కడ గాజులామె అనే రాస్తాను. ఇంకొకామె తాడ్వాయిలో ఎవుసం చేసుకునే మనిషి. ముగ్గురం ఎల్లారెడ్డిలో ఒకే వాడలో పుట్టి, గాజులామె వాళ్ల అరుగు మీద బీడీలు చుడుతూ పెరిగినవాళ్లం. పెళ్లయి ఒకామె తాడ్వాయి పోయింది, ఉద్యోగం వచ్చి నేను కామారెడ్డి చేరాను, గాజులామె మాత్రం ఉన్న ఊళ్లోనే ఉండిపోయింది.

మా మేనల్లుడు ఫోన్‌లోని సినిమాను టీవీలోకి ఎలా పంపాలో నేర్పించి పోయాడు. అప్పటి నుంచి మా ఇల్లే మాకు టాకీసు. తాడ్వాయి ఆమె మక్కకంకులు తెచ్చేది, నేను సర్వపిండి చేసేదాన్ని, గాజులామె నోరు తెచ్చేది. తాడ్వాయి ఆమెకు పౌరాణికాలంటే ప్రాణం. "దాంట్ల ఎవ్వలు ఉత్తగ సావరే, సచ్చినా మల్ల లేస్తరు" అనేది. గాజులామె కళ్లు మాత్రం ఎప్పుడూ హీరోయిన్ చేతుల మీదే. "ఇగో, జూడుండ్రి. గుమ్మం కాడ చేతికి డజన్ గాజులుండె. పొయ్యి కాడికొచ్చేటాలకు ఎనిమిదే అయినయ్. నాలుగు ఏడ వాయె?" అనేది. సినిమా ఆపి, వెనక్కి తిప్పి లెక్కపెట్టేవాళ్లం. ప్రతిసారీ ఆమె మాటే నిజమయ్యేది. కడుపు పట్టుకొని నవ్వేవాళ్లం.

ఆమెకు ఒక్క అలవాటు ఉండేది. సినిమా అయిపోవడానికి ఇంకా పావుగంట ఉందనగా లేచి సంచి భుజాన వేసుకునేది. ఎంత మంచి ఘట్టమైనా సరే. "కూసోయే, ఇంక జరసేపే" అంటే, "ఆఖరు నాకెరుకనే" అని చెప్పులేసుకునేది. బస్సు పిచ్చి అని మేం ఎగతాళి చేసేవాళ్లం. ఆమె నవ్వి ఊరుకునేది.

ఆఖరు ఆమెకు ఎరుకే అని మేం ఎందుకు నమ్మామో చెప్పాలంటే అరుగు కాలానికి పోవాలి. అప్పుడు అయిదుగురం ఆడపిల్లలం చాటలు ఒళ్లో పెట్టుకొని కూర్చునేవాళ్లం. తునికాకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం. చేతులు పనిలో ఉంటాయి, చెవులు ఖాళీ. సినిమా చూడటం అందరికీ ఎక్కడ కుదురుతుంది? గాజులామెకు కుదిరేది. పదిహేను రోజులకోసారి వాళ్లమ్మ ఆమెను గాజుల సరుకు కోసం కామారెడ్డి పంపేది. పొద్దున సరుకు కొనుక్కొని, ఆ మూట ఒళ్లో పెట్టుకొని మ్యాట్నీ చూసి, సాయంత్రం బస్సుకు వచ్చేది. మర్నాడు అరుగు మీద మాకు ఆ సినిమా చెప్పేది.

దానికి మాలో మాకు ఒక కట్టుబాటు ఉండేది. సినిమా చెప్పే మనిషి బీడీ ముట్టదు. చేతులు తిప్పకుండా కథ చెప్పడం ఆమెకు రాదు కదా! ఆ పూట ఆమె చుట్టాల్సినవి మేం నలుగురం చుట్టి, తలా ఒక కట్ట ఆమె చాటలో వేసేవాళ్లం. ఎవరైనా కట్ట వేయకపోతే "ఇంటర్వెల్ కాడ ఆపేస్త" అని బెదిరించేది. ఆమె చెబుతుంటే మేం సినిమా చూసినట్టే ఉండేది. వాన వచ్చిందంటే పైట సర్దుకునేవాళ్లం.

అప్పటికి నాకు పెళ్లయి నాలుగేళ్లు. మా ఆయన దుబాయి పోయి రెండేళ్లు. మొదటి ఏడాది ఉత్తరాలు వచ్చాయి. తర్వాత పండక్కి ఒక కార్డు. ఆ తర్వాత ఏమీ లేదు. బొంబాయిలో ఎవరితోనో ఉంటున్నాడని ఒకరన్నారు, జైల్లో పడ్డాడని ఇంకొకరన్నారు. అత్తగారింట్లో ఉండలేక మా అన్న ఇంటికి వచ్చేశాను. దుబాయి నుంచి వచ్చేవాళ్లంతా కామారెడ్డిలో రైలు దిగి, ఐదింటి బస్సుకు ఎల్లారెడ్డి వచ్చేవాళ్లు. బీడీల ఖార్ఖానా బస్సులు ఆగే చోటికి ఎదురుగానే ఉండేది. సాయంత్రం బీడీలు అప్పజెప్పి, ఆ మెట్టు మీద కూర్చునేదాన్ని. ఐదింటికి బయల్దేరిన బస్సు ఆరున్నరకు వచ్చేది. అందరూ దిగేదాకా చూసి ఇంటికి పోయేదాన్ని. ఎవరైనా అడిగితే కాళ్లు గుంజుతున్నాయని చెప్పేదాన్ని.

అలాంటి రోజుల్లో గాజులామె ఒక సినిమా చెప్పింది. పేరు రాయను, అది మా ముగ్గురిదీ. అందులో మొగుడు ఓడ ఎక్కి దేశాలు పట్టి పోతాడు. పెళ్లాం గడప మీద కూర్చొని ఎదురుచూస్తుంది. ఊరంతా తలా ఒక మాట అంటుంది. ఏళ్లు గడిచిపోతాయి. అక్కడిదాకా చెప్పి గాజులామె ఊపిరి తీసుకుంది. నేను దారం పంటితో పట్టుకొనే అడిగాను.

"వచ్చిండా?"

ఆమె నా వంక చూసింది. పక్కనున్న చెంబు ఎత్తి నీళ్లు తాగింది. మూతి తుడుచుకొని అప్పుడు చెప్పింది.

"వచ్చిండు. వాన దంచికొడుతుంది. నెత్తి మీద ట్రంకుపెట్టె. ఆమె ఒక్క మాటన్న అనలే. చెంబుల నీళ్లు తెచ్చి ఆయన కాళ్ల మీద పోసింది. గంతే."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగానో, "ఆ సినిమా ఆఖరు ఒక్కసారి చెప్పవే" అని. అడిగినప్పుడల్లా చెప్పింది. ఒకసారి ట్రంకుపెట్టెకు తుప్పు పట్టింది, ఇంకోసారి ఆమె కాలిమెట్టె చప్పుడైంది. వాన మాత్రం ఎప్పుడూ ఉండేది.

ఇంకో రెండేళ్లకు మా అన్న దోమకొండ సంబంధం తెచ్చాడు. ఆయనకు భార్య చనిపోయింది, పిల్లలు లేరు, చిన్న కిరాణం కొట్టు. కులపెద్దలు కూడా ఒప్పుకున్నారు. "ఇంక ఎన్నేండ్లు జూస్తవ్ చెల్లె? మారు లగ్గం మన దాంట్ల తప్పు గాదు" అని మా అన్న బతిమిలాడాడు. ఆ మనిషి మా ఇంటికి వచ్చి, తల వంచుకొని చాయ తాగి పోయాడు. మంచివాడిలానే ఉన్నాడు. నేను వద్దన్నాను. సినిమా చూసి ఎవరైనా బతుకు నిర్ణయించుకుంటారా అని మీరు అడగొచ్చు. నేనైతే సినిమా చూడను కూడా లేదు, విన్నాను. విని నిర్ణయించుకున్నాను. అలాంటి దాన్ని నేను.

మా ఆయన రాలేదు. నేను ప్రైవేటుగా పది పాసయ్యాను, ఉద్యోగం తెచ్చుకున్నాను, రిటైరయ్యాను. ఆయన బతికున్నాడో లేడో ఇవాళ్టికీ తెలియదు.

రెండేళ్ల కింద ఒక ఆదివారం తాడ్వాయి ఆమె ఫోన్‌లో వెతుకుతుంటే ఆ సినిమానే దొరికింది. ఓయమ్మ, మా సంబరం! ఇన్నేళ్ల తర్వాత దాన్ని కళ్లతో చూడబోతున్నాం. గాజులామె మాత్రం "ఇంకోటి పెట్టుండ్రే, ఇది ఏడుపు సినిమా" అంది. మేం వినలేదు. చూశాం. ఆమె చెప్పినట్టే ఉంది అంతా. ఓడ, గడప, ఊరి మాటలు, ఒక్కటీ తప్పిపోలేదు. చివరికి వస్తోందనగా ఆమె ఎప్పటిలాగే లేచి సంచి అందుకుంది. నేను కొంగు పట్టి లాగాను.

"ఇయ్యాల ఆఖరి దాక కూసుంటున్నవ్. బస్సు పోతె పోనియ్. వాన నీ పక్కన గూసోనే సూడాలె నేను."

కూర్చుంది. సినిమాలో వాన రాలేదు. ఒక పొద్దున ఆ పెళ్లాం లేచి, ఇల్లు ఊడ్చి, తులసి కుండీ పక్కింటి వాళ్లకిచ్చి, తలుపుకు తాళం వేసింది. ఊరి బయట బడి ఉంది, అందులో పంతులమ్మగా చేరడానికి పోయింది. వెనక్కి తిరిగి చూడను కూడా లేదు. ఆ తర్వాత ఎన్నాళ్లకో మొగుడు వచ్చాడు. తలుపు ముందు నిలబడ్డాడు. తాళంకప్ప పెద్దగా కనిపించింది, దాని మీద శుభం అని పడింది.

నాకు ఒళ్లంతా మంట పుట్టింది. గాజులామె వైపు చూశాను. ఆమె నోరు తెరుచుకొని టీవీ వంకే చూస్తోంది, ముఖంలో నెత్తురు లేదు. దొంగ దొరికిపోయిందని అనుకున్నాను. ఇక నా నోటికి అడ్డూ అదుపూ లేకపోయింది.

"ఏమే, ఇదేనా నీ వాన? ఇదేనా నీ ట్రంకుపెట్టె? నిజం జెప్తె నేను గూడ తాళం ఏసుకొని పోయేదాన్ని గదనే! దోమకొండాయన ఇంట్ల పిల్లలను కని బతికేదాన్ని. నా బతుకు నాశనం జేసినవ్. నీ కట్ట బీడీల కోసం నా గొంతు గోసినవ్!"

తాడ్వాయి ఆమె నా నోరు మూయబోయింది. గాజులామె లేచింది. సంచి తీసుకొని, చెప్పులేసుకొని వెళ్లిపోయింది. మెట్ల దగ్గర ఒక్క క్షణం ఆగింది. పిలుస్తానేమో అనుకుందో ఏమో. నేను టీవీ ఆపేసి వెనక గదిలోకి పోయాను.

అంతే, ఇక రాలేదు. నేనూ ఫోన్ చేయలేదు. ముందు ఆమె చేయాలని బెట్టు. తాడ్వాయి ఆమె రెండు నెలలు వచ్చింది, కాని ఇద్దరమే కూర్చుంటే గాజులు లెక్కపెట్టేవాళ్లు లేరు. మధ్యలో ఖాళీ కుర్చీని ఇద్దరం చూడనట్టు నటించేవాళ్లం. తర్వాత మోకాళ్లు నొప్పులని ఆమె కూడా మానేసింది. చేసినదాన్ని నేనే కాబట్టి ఎవరికీ చెప్పుకోలేకపోయాను. కొన్ని ఆదివారాలు అలవాటుగా మూడు సర్వపిండిలు చేసి, రెండు మర్నాడు తినేదాన్ని.

మొన్న వానాకాలం పోయాక తాడ్వాయి ఆమె ఫోన్ చేసింది. "దానికి షుగర్ తోని కండ్లు పోతున్నయంటనే. మనుషులు నీడల్లెక్క కనవడుతున్నరంట. ఇంక నీ ఇష్టం" అని పెట్టేసింది.

మర్నాడే బస్టాండుకు పోయాను. ఆడవాళ్లకు ఇప్పుడు టికెట్ లేదు కదా, బస్సు కిటకిటలాడుతోంది. తాడ్వాయి దాకా నిలబడే పోయాను. దారంతా ఏం మాట్లాడాలా అని కూడబలుక్కున్నాను. క్షమించమనడం నా నోటికి అలవాటు లేని మాట. ఎల్లారెడ్డిలో దిగాక ఖార్ఖానా ఉన్న చోటు చూశాను. అక్కడ ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది, మెట్టు లేదు.

గాజులామె కొడుకు దుకాణం ఇంటి ముందుభాగంలో ఉంది, ఆమె లోపలి గదిలో నేల మీద కూర్చొని ఉంది. ముందు గాజుల కుప్ప. ఒక్కో గాజు వేళ్లకు తగిలించి చూసి, సైజు ప్రకారం వేరు చేస్తోంది. కళ్లతో పని లేనట్టే చేస్తోంది. నేను గుమ్మంలో నిలబడ్డాను. ఆమె తలెత్తింది.

"ఎవ్వలు?"

చెప్పులు గుమ్మం బయట విడిచాను. ఆమె ఆ చప్పుడుకు చెవి పెట్టి, "కోపం దిగిందా?" అంది.

పోయి పక్కన కూలబడ్డాను. దారిలో కూడబలుక్కున్నవన్నీ మర్చిపోయాను. నోటికి వచ్చింది మళ్లీ పాత ప్రశ్నే.

"ఎందుకు అబద్ధం జెప్పినవే?"

"అబద్ధం గాదు. నాకు తెల్వకుండె."

"ఏంది తెల్వకుండె?"

"ఆఖరు." చేతిలో గాజు పక్కన పెట్టింది. "ఆ సినిమా అనే గాదు. ఏ సినిమా ఆఖరు నేను జూడలే. మ్యాట్నీ ఇడిచేటాలకు ఐదు అయితుండె. ఐదింటికి బస్సు. ఆఖరి రీలు మొదలుగాంగనే మూట వట్టుకొని ఉరుకుతుంటి. మీకు జెప్పిన ఆఖర్లన్ని బస్సుల గూసోని నేను అల్లుకున్నయే. గా అలవాటు ఇంక పోనేలే. ఆనాడు మీ ఇంట్ల నువ్వు కొంగు వట్టి గూసోవెడితె, గదే ఫస్టు నేను ఒక సినిమాల శుభం జూసుడు."

ఆనాడు నోరు తెరుచుకొని టీవీ వంక చూసిన ఆమె ముఖం గుర్తొచ్చింది. దొంగ ముఖం కాదు అది. నాలాగే మొదటిసారి చూస్తున్న ముఖం.

"మీ అమ్మ తిడుతదనా?"

"మా అమ్మ ఏమంటది? ఏడింటికి ఇంకో బస్సు ఉండె. దానికి రమ్మనే అంటుండె, ఎండల ఎందుకు ఉరుకుతవని."

"మరెందుకే?"

చీర చెంగుతో కళ్లు తుడుచుకుంది, షుగర్ వల్లనో మరెందుకో.

"నువ్వు ఖార్ఖాన మెట్టు మీద కూసుంటుంటివి గదా."

"నేను ఆయన కోసం కూసుంటుంటి."

"ఎరుకనే. ఒక్కనాడు నేను బస్సుల కెల్లి చూసిన. అందరు దిగిండ్రు. ఇంక ఎవ్వలు లేరని తెలిసినంక నీ మొఖం ఎట్లయిందో నీకేమెరుక? జూడలేకపోయిన. ఆయన్ని నేను దింపలేను. నేనన్న దిగుత అనుకున్న. నన్ను జూసి నువ్వు నవ్వుతుంటివి. మూట అందుకుంటుంటివి. ఏ సినిమా జూసినవే అని అడుగుతుంటివి."

నేను ఏడ్చాను. ఆయన రానందుకు కూడా అలా ఏడవలేదు. ఐదింటి బస్సులోంచి ఒక మనిషి నా కోసం దిగుతూనే ఉంది. మూట అందుకొని, ఆమె భుజం మీదుగా ఇంకా ఎవరైనా దిగుతారేమో అని నేను చూసేదాన్ని. అది ఆమె చూసే ఉంటుంది. అలాంటి దాన్ని పట్టుకొని కట్ట బీడీల కోసం గొంతు కోశావన్నాను నేను.

"తప్పయిందే" అన్నాను. ఎలా వచ్చిందో వచ్చింది ఆ మాట.

"సాల్లే. నీ ఫోన్ల ఉన్నదా ఆ సినిమా?" అంది ఆమె. "ఆ తాళంకప్ప మంచిగ జూడలే నేను. నీ తిట్లల్ల ఏం సమజ్ గాలే."

సినిమాను ఆఖరి దగ్గరికి జరిపి, ఫోన్ ఇద్దరి మధ్య గాజుల డబ్బాకు ఆనించి పెట్టాను. ఆమె కంటికి బొమ్మ ఆనడం లేదు. నేను చెప్పడం మొదలుపెట్టాను. ఇల్లు ఊడుస్తోంది, తులసి కుండీ ఎత్తింది, పక్కింటామె ఏడుస్తోంది. నా చేతులు వాటంతట అవే తిరుగుతున్నాయి. "చేతికి గాజులెన్ని?" అని అడిగింది. లెక్కపెట్టి చెప్పాను. "కుండీ ఎత్తినప్పుడు?" అంది. రెండు తక్కువ. నవ్వింది. ఆ నవ్వు విని రెండేళ్లయింది.

గోడ గడియారం ఐదు కావస్తోంది. కామారెడ్డి బస్సు వచ్చి ఆగిన చప్పుడు వినిపించింది. ఆమె నా మోచేయి తట్టింది.

"లెవ్వు. బస్సు పోతది నీది."

"పోనియ్" అన్నాను.

బస్సు హారన్ కొట్టింది, కదిలింది, సందు మలుపు తిరిగింది. మొగుడు వచ్చి తలుపు ముందు నిలబడ్డాడని చెప్పాను. తాళంకప్ప పెద్దగా కనిపిస్తోందని, దానికి కొంచెం తుప్పు ఉందని కూడా చెప్పాను. ఆమె గాజులు పక్కకు నెట్టి, గోడకు ఆనుకొని, నా చెయ్యి పట్టుకొని కూర్చుంది. ఫోన్‌లో సంగీతం ఆగిపోయింది. కాసేపటికి తెర కూడా నల్లబడింది.

"శుభం పడ్డదా?" అని అడిగింది.

"ఇంకా లేదే, కూసో" అన్నాను.